పెట్టె సర్దే ముందు అడుగు అట్ట ఎత్తి చూడండి



ఈ వారం ఏం రాస్తున్నావని మావారు అడిగితే "విమానంలో తుపాకులూ, తూటాలూ" అన్నాను. ఆయన చేతిలోని పేపరు పక్కన పెట్టి నా మొహంలోకి చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "రాయి, ఇంకొకరికన్నా అక్కరకొస్తది" అన్నారు.

మనింట్లో కత్తిపీటా, కొడవలీ తప్ప తుపాకులెక్కడివమ్మా అని మీరంటారని నాకు తెలుసు. నేనూ అలా అనుకున్నదాన్నే. మా నకిరేకల్ వైపు తుపాకీ అంటే పాతకాలం కథల్లో వినడమే. నిజాం రోజుల్లో, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో మా నల్లగొండ జిల్లా ఆడవాళ్లు కూడా తుపాకులు పట్టారు. 2022 లో కన్నుమూసిన మల్లు స్వరాజ్యం గారు ఈ జిల్లా బిడ్డే. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆ ముచ్చట్లు చెబుతుంటే నోరు తెరుచుకొని వినేవాళ్లం. అంతకుమించి తుపాకీతో నాకేం పని అనుకున్నాను. ఒక్క తూటా మా ఇంటిల్లిపాదినీ నాలుగు నెలలు ఎలా తిప్పిందో చెబుతాను, వినండి.

మా మామగారు మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. పింఛను తీసుకుంటూ ఊళ్లో వ్యవసాయం చూసుకునేవారు. చేలమీద అడవిపందులు పడుతున్నాయని, లైసెన్సు తీసుకుని డబుల్ బారెల్ తుపాకీ ఒకటి ఇంట్లో పెట్టుకున్నారు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించడం, అయిపోయాక తెచ్చుకోవడం, అదో తంతు. ఆయన పోయాక మావారూ, మా మరిదీ కలిసి తుపాకీని, బీరువాలో ఉన్న తూటాల డబ్బాను తీసుకెళ్లి స్టేషన్లో ఇచ్చి రశీదు తెచ్చారు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

మా యారాలి కొడుక్కి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఇంట్లో ఒకటే సందడి. పెద్ద పెట్టెలు రెండు, ఒక్కొక్కటి 23 కిలోలు దాటకూడదన్నారు. కారప్పొడి, పల్లీల పొడి, నువ్వుల లడ్డూలు, సకినాలు, మా ఊరి నిమ్మకాయ పచ్చడి, అన్నీ తూచి తూచి సర్దాం. (మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టకండి. అక్కడి కస్టమ్స్ వాళ్లు రానివ్వరు.) బయల్దేరే ముందురోజు సాయంత్రం పిల్లాడి చేతి బ్యాగు జిప్పు ఊడింది. షాపుకు పోయే టైము లేదు. నేనే తెలివిగా అటక మీది మామగారి కాన్వాసు సంచి దింపాను. గట్టి సంచి. ఎన్ని ఊళ్లు తిరిగిందో. తడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో వేసి, జేబులన్నీ దులిపి ఇచ్చాను. అడుగున గట్టి అట్ట ఒకటి ఉంటుంది చూడండి, సంచి కుంగకుండా. దాన్ని ఎత్తి చూడలేదు.

శంషాబాద్‌లో పిల్లాడు అద్దాల అవతల నుంచి చెయ్యి ఊపి లోపలికి వెళ్లాడు. అందరం కళ్లు తుడుచుకొని బండెక్కాం. చౌటుప్పల్ దాటామో లేదో మా మరిది ఫోను మోగింది. వాడు తండ్రితో మాట్లాడి, ఫోను నాకిమ్మన్నాడట.

"పెద్దమ్మా, ఈ సంచి ఎవరిది?"

"తాతదిరా, ఎందుకు?"

"అడుగున అట్ట కింద తూటా ఉన్నదంట."

బండి వెనక్కి తిప్పించాం. ఆ దారంతా ఎవరూ మాట్లాడలేదు. మా యారాలు మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తర్వాత చూపించారు దాన్ని. బొటనవేలంత లావు, ఎర్రటి గొట్టం, వెనక ఇత్తడి బిళ్ల. పన్నెండు బోరు తూటా అంటారట. ఎన్నేళ్లనుంచి అక్కడ పడి ఉందో ఆ పైవాడికే తెలియాలి. ఎక్స్‌రే మిషనులో ఆ ఇత్తడి బిళ్ల కొట్టొచ్చినట్టు కనబడిందట. సెక్యూరిటీ వాళ్లు పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టి, "లైసెన్సు ఉందా?" అని అడిగారు. లేదన్నాడు. పోలీసులకు అప్పజెప్పారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, వాళ్లు అరవలేదు, కొట్టలేదు, మర్యాదగానే మాట్లాడారు. కానీ తూటా కంటపడ్డాక "పోనీలే పాపం" అని వదిలేసే అధికారం వాళ్లకు లేదు. అక్కడ తూటా చెత్తబుట్టలో పడేసి విమానం ఎక్కుతామంటే కుదరదు. కేసు రాశారు. విమానం వెళ్లిపోయింది. టికెట్టు డబ్బులు పోయాయి. అసలు భయం డబ్బు గురించి కాదు. కేసు ఉన్న పిల్లాడికి చదువేమవుతుంది, వీసా ఏమవుతుంది అని.

మా లాయరుగారు అప్పుడు చెప్పిన సంగతులు నేను ఒక పాత డైరీలో రాసుకున్నాను. అందులోంచి మీకు చెబుతున్నాను.

ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని ప్రకారం తుపాకీకి ఎలా లైసెన్సు కావాలో తూటాకూ అలాగే కావాలి. తుపాకీ లేకుండా ఒట్టి తూటా ఒక్కటే ఉన్నా లెక్కలోకి వస్తుంది. 2019 లో చట్టం మార్చి శిక్షలు పెంచారు. లైసెన్సు లేని తూటాలు దగ్గరుంటే సెక్షన్ 25 కింద రెండేళ్లకు తక్కువ కాకుండా, ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. అది విన్నప్పుడు మా యారాలు అక్కడే కూలబడింది.

అయితే ఇందులో ఒక దారి ఉంది. దగ్గర ఉండటం అంటే, ఉన్నదని తెలిసి ఉండటం. ఈ మాట సుప్రీంకోర్టు 1972 లోనే ఒక తీర్పులో చెప్పిందట. మళ్లీ 1994 లో సినిమా నటుడు సంజయ్ దత్ కేసులోనూ అదే మాట అంది. సంచిలో తూటా ఉన్న సంగతి ఆ మనిషికి నిజంగా తెలియదని తేలితే నేరం నిలబడదు. ఢిల్లీ విమానాశ్రయంలో ఇలా ఒకటీ అరా తూటాలతో దొరికిన ప్రయాణికుల కేసులు ఢిల్లీ హైకోర్టు చాలా కొట్టేసింది. కానీ చెల్లెళ్లూ, "నాకు తెలియదు" అన్న మాట నిలబడేది కోర్టులో. విమానాశ్రయంలో కాదు. ఆ మధ్యలో తిరిగే తిరుగుడంతా మనదే.

మా దగ్గర మామగారి పాత లైసెన్సు పుస్తకం ఉంది. తుపాకీ అప్పగించిన రశీదు ఉంది. ఆ కాగితాలు బీరువా అడుగున పాత పట్టుచీరల కింద పెట్టింది నేనే. ఆ ఒక్క పని మాత్రం తిన్నగా చేశాను. సంచి తాతదని, తాతకు లైసెన్సు ఉండేదని, అది అదే బోరు తూటా అని వాటితో చూపించగలిగాం. హైకోర్టులో కేసు కొట్టేశారు. కాలేజీ వాళ్లు ఒప్పుకుంటే పిల్లాడు జనవరిలో వెళ్లి చేరాడు. ఆగస్టులో పోవలసినవాడు.

మరి నిజంగా లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకీ విమానంలో తీసుకుపోవచ్చా అంటే, పోవచ్చు. నాకూ ఈ గొడవ అయ్యాకే తెలిసింది. రిటైరైన మిలిటరీ వాళ్లు, కొత్త ఊరికి మకాం మార్చేవాళ్లు, అన్నిటికన్నా ఎక్కువగా ఆటగాళ్లు తీసుకుపోతుంటారు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023 లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక బంగారు, మూడు వెండి పతకాలు గెలిచింది. ఆ తుపాకులు వాళ్లతోపాటు విమానంలో పోయినవే కదా.

పద్ధతేమిటంటే, ముందుగానే విమాన సంస్థకు ఫోను చేసి చెప్పాలి. కౌంటరు దగ్గర నోరు తెరిచి "నా దగ్గర ఆయుధం ఉంది" అని చెప్పి లైసెన్సు చూపాలి. తుపాకీలో తూటా ఉండకూడదు. ఖాళీగా ఉందో లేదో అక్కడ చూస్తారు. తర్వాత అది విమానం అడుగున సామాన్లలో పోతుంది. మనబోటి ప్రయాణికులెవరూ కూర్చునే చోటికి తుపాకీ గానీ, తూటా గానీ తీసుకెళ్లడానికి లేదు. అది ఎంత పెద్దమనిషైనా సరే. తూటాలు విడిగా, కదలకుండా గట్టిగా ప్యాక్ చేసి పెట్టాలి. విమానాల వాళ్ల అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఒక మనిషికి ప్యాకింగుతో కలిపి 5 కిలోలు దాటకూడదు. అదీ సొంత వాడకానికే. పేలే రకం, నిప్పు పెట్టే రకం గుండ్లు అసలే పనికిరావు. కొన్ని సంస్థలు ఇంకా తక్కువే ఒప్పుకుంటాయి. కొన్ని అసలు ఒప్పుకోవు. విడిగా రుసుము కూడా కట్టించుకుంటాయి. అందుకే ముందు ఫోను చేయమనేది.

ఇంకో మెలిక ఉంది. లైసెన్సు పుస్తకంలో అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. కొన్ని జిల్లాకు, కొన్ని రాష్ట్రానికి, కొన్ని దేశమంతటికీ. తెలంగాణ దాకానే చెల్లే లైసెన్సుతో ఢిల్లీ విమానం ఎక్కితే, దిగేసరికి లైసెన్సు లేనివాళ్లతో సమానం. గడువు తేదీ కూడా చూసుకోవాలి. 2019 మార్పు తర్వాత లైసెన్సు ఐదేళ్లకు ఇస్తున్నారు. అంతకుముందు మూడేళ్లే. అదే మార్పుతో ఒక మనిషికి ఉండే తుపాకుల సంఖ్యను కూడా మూడు నుంచి రెండుకు తగ్గించారు.

కాగితాలన్నీ ఉన్నా ఒక్కోసారి చిక్కులు తప్పవు. 2021 ఫిబ్రవరిలో మను భాకర్ అనే అమ్మాయి, తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చిందే, ఆ పిల్లను ఢిల్లీలో భోపాల్ విమానం ఎక్కబోతుంటే పిస్తోళ్ల దగ్గర ఆపారు. తన దగ్గర అనుమతి పత్రాలున్నాయని ఆమె అప్పటికప్పుడు అందరికీ తెలిసేలా రాసింది కాబట్టి పంపించారు. మనకు అంత పేరు లేదు. రెండు గంటలు ముందే పోయి కూర్చోవడం మేలు.

మా పెదనాన్న బేగంపేట నుంచి విమానం ఎక్కిన రోజుల ముచ్చట్లు చెబుతుండేవారు. ఏదో బస్సెక్కినట్టే అనిపించేది వింటుంటే. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి వచ్చే విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయారు కదా, అది జరిగాక మన దేశంలో విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి రావడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో ముందు జైపూర్‌లో, ఆ తర్వాత ఒక్కొక్కటీ. 2008 లో శంషాబాద్ తెరిచేనాటికి ఈ కట్టుదిట్టమంతా మామూలైపోయింది. ఇంత వెతుకులాట ఎందుకని విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోను గానీ, ఆ బెల్టు మీద సంచి లోపలికి పోతుంటే గుండె దడదడలాడుతుంది.

మన దేశంలోనే ఇంత కఠినం అనుకోకండి. అమెరికాలో ఇంటింటికీ తుపాకులుంటాయంటారు. అక్కడ కూడా విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు. ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటరులో చెప్పి సామాన్లలో వేయాలి. అయినా మరిచిపోయేవాళ్లు మరిచిపోతూనే ఉంటారు. 2023 లో అక్కడి విమానాశ్రయాల తనిఖీల్లో చేతి సంచుల్లో దొరికిన తుపాకులు 6,737. వాటిలో ఎక్కువభాగం తూటాలు నింపి ఉన్నవే! దొరికితే వేల డాలర్ల జరిమానా.

ఇంకో సంగతి చదివి నాకు నిద్రపట్టలేదు. కరీబియన్ సముద్రంలో టర్క్స్ అండ్ కైకోస్ అని చిన్న దీవులున్నాయి. సెలవులకు అక్కడికి పోయిన అమెరికా వాళ్లు కొందరు 2024 లో తిరుగు ప్రయాణంలో తూటాలతో దొరికిపోయారు. ఎప్పుడో వేటకు పోయినప్పుడు సంచిలో మిగిలిపోయినవట. మా మామగారి తూటాలాగే. అక్కడి చట్టంలో అప్పట్లో కనీస శిక్ష 12 ఏళ్లు. పిల్లల తల్లిదండ్రులు వాళ్లు. చివరికి కోర్టు ప్రత్యేక పరిస్థితులని తగ్గించింది, కానీ వారాల తరబడి ఇళ్లకు పోలేక అక్కడే ఉండిపోయారు. డాక్టరు చదువుకు మన తెలుగు పిల్లలు చాలామంది పోయే ఫిలిప్పీన్స్‌లో ఇంకో రకం. మనీలా విమానాశ్రయంలో ఎవరో కావాలనే సంచుల్లో తూటాలు వేసి డబ్బు గుంజుతున్నారని 2015 లో పెద్ద గోల అయింది. జనం సంచులకు ప్లాస్టిక్ కాగితం చుట్టుకొని తిరిగారట. మన సంచి తాళం, మన చూపు మన దగ్గరే ఉంచుకోమని పిల్లలకు చెప్పండి. ముక్కూ మొహం తెలియనివాళ్ల పొట్లం ఒక్కటి కూడా పట్టుకోవద్దని మరీ మరీ చెప్పండి.

ఇక మన ఇళ్ల సంగతికొద్దాం. మీ ఇంట్లో మిలిటరీలోనో, పోలీసుల్లోనో పనిచేసినవాళ్లు ఉంటే, పాత సంచులు, ట్రంకు పెట్టెలు, కోట్లు, బెల్టు తిత్తులు ఒకసారి బోర్లించి దులపండి. జేబులో జేబు ఉంటుంది, చూడండి. అస్తరు చిరిగితే చిన్న వస్తువు దాని వెనక్కి జారిపోతుంది. అక్కడ చేత్తో తడిమి చూడాలి. అడుగు అట్ట సంగతి నేను చెప్పక్కర్లేదు. పిల్లలు సరదాగా కొనుక్కునే తూటా లాకెట్లు, తూటా ఆకారం తాళంచెవుల గొలుసులు కూడా ప్రయాణంలో వద్దు. నకిలీదని మనకు తెలుసు, మిషనుకు తెలియదు. చేతి సంచిలో బొమ్మ తుపాకీ కూడా పెట్టనివ్వరు. దీపావళికి మేనల్లుడికి ఇద్దామని రీలు తుపాకీ, కాకరపువ్వొత్తులు పెట్టుకుంటారేమో! టపాకాయలు చేతి సంచిలోనే కాదు, అడుగు సామాన్లలోనూ నిషేధమే. పిట్టలు కొట్టే గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని కొందరంటారు. 2016 నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటినా, దాని బలం 20 జౌళ్లు దాటినా దానికీ లైసెన్సు కావాల్సిందే. చేతి సంచిలో మాత్రం ఏ గాలి తుపాకీకీ చోటు లేదు.

ఈ జాబితాలో చేరని వింత ఒకటి చెప్పనా? కొబ్బరికాయ! చేతి సంచిలో దాన్నీ ఆపుతారు. శబరిమల స్వాముల ఇరుముడి కోసం 2022 లోనూ, 2024 లోనూ ఆ కాలానికి మాత్రం ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మా అన్నయ్య మాల వేసుకున్న ఏడు ఈ సంగతి తెలియక రైల్లోనే పోయాడు.

ఒకవేళ దులుపుతుంటే నిజంగానే తూటా దొరికిందనుకోండి. కంగారుపడి చెత్తలో వేయకండి. బావిలో పారేయకండి. పొయ్యి దగ్గరికి అసలు తీసుకెళ్లకండి. పాతబడ్డ తూటా పేలదని ఎవరు చెప్పినా నమ్మవద్దు. సుత్తితో తట్టి చూడనివ్వకండి. పిల్లలకు అందకుండా పెట్టి, స్టేషనుకు ఫోను చేసి, ఫలానా పెద్దాయన సామానులో దొరికిందని కాగితం మీద రాసి, ఇంట్లో మగవాళ్లనో, తెలిసిన లాయరునో తోడు తీసుకొని అప్పగించండి. లైసెన్సు ఉన్న మనిషి పోయాక ఆయుధాలూ, తూటాలూ ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలని చట్టంలోనే ఉంది. కావాలనుకుంటే వారసులు తమ పేరున లైసెన్సుకు పెట్టుకోవచ్చు. ఊళ్లలో అయితే కలెక్టరు గారి ఆఫీసులో, హైదరాబాద్ అయితే పోలీసు కమిషనరు దగ్గర. అప్పగించినప్పుడు మాత్రం రశీదు లేకుండా ఇంటికి రావద్దు. ఆ రశీదు రేషను కార్డు కన్నా భద్రంగా పెట్టండి.

మా మావయ్య గారి విషయంలో మేం చేసిన పొరపాటు ఏమిటంటే, డబ్బాలో ఉన్నవి ఇచ్చాం గానీ లైసెన్సు పుస్తకంలో ఎన్ని తూటాలు కొన్నట్టు రాసి ఉందో, ఎన్ని మిగలాలో లెక్క చూసుకోలేదు. చూసుకుంటే ఒకటి తక్కువని ఆరోజే తెలిసేదేమో. పచ్చడి జాడీలు లెక్కపెట్టేదాన్ని, అవి లెక్కపెట్టలేకపోయాను.

మా యారాలు ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు నాదే కాబట్టి నేనూ ఏమీ అనలేదు. కేసు కొట్టేసిన రోజున వంటింట్లోకి వచ్చి, నేను కోస్తున్న నిమ్మకాయలు తన ముందుకు లాక్కుని, "అక్కా, ఉప్పెంత వేస్తవు?" అంది. జనవరిలో పిల్లాడి పెట్టెలు ఇద్దరం కలిసే సర్దాం. కొత్త సంచి కొన్నాం. కొత్తదే అయినా తను దాని అడుగు అట్ట ఎత్తి చూసింది, తర్వాత నేను చూశాను, తర్వాత పిల్లాడు నవ్వుతూ మళ్లీ చూశాడు.

మామగారి సంచి ఇంకా ఉంది. మార్కెట్టు రోజున నిమ్మకాయలు తేవడానికి వాడుతున్నాం. వచ్చేవారం ఆ నిమ్మకాయలతోనే, ఏడాది నిలవుండే పచ్చడి కొలతలు రాస్తాను. సూర్యాపేట నుంచీ, మిర్యాలగూడ నుంచీ చెల్లెళ్లు రెండుసార్లు ఉత్తరాలు రాసి అడిగారు. కాయలు పలుచని తోలువి, బాగా పండినవి చూసి తెచ్చిపెట్టుకోండి.